సుస్థిర అటవీ విద్య, కలప సాంకేతికత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో తల్లిదండ్రులు, తొలకరి ముందు జామాయిల్ నారు కొనడానికి బయలుదేరే రైతులు, మధ్యలో ఎప్పుడైనా ఇల్లు కట్టుకుంటున్న బంధువులు నన్ను అడిగే ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపించినా, తరచి చూస్తే అన్నీ ఒకే శాస్త్రానికి చెందినవి. అటవీ విద్య బోధించేవాడిగా వాటికి ఇన్నాళ్లూ నోటిమాటగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ వివరంగా రాశాను. ప్రవేశాల తేదీలు, ఫీజులు ఏటా మారేవి కాబట్టి వాటిని వదిలేసి, మారని విషయాలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

అటవీ శాస్త్రం చదవడమంటే మొక్కలు నాటడం నేర్చుకోవడమేనా?

నాటడం అందులో మొదటి పాఠం మాత్రమే. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైన తరువాత చాలామంది మనసులో అడవి పని అంటే గుంత తీసి మొక్క పెట్టడమే అన్న అభిప్రాయం స్థిరపడింది. నిజానికి ఏ నేలలో ఏ చెట్టు, ఎంత ఎడంలో, ఎన్నేళ్లపాటు ఉండాలి, ఎప్పుడు పలచన చేయాలి, ఎప్పుడు నరకాలి, నరికిన దుంగను ఎలా కొలవాలి, ఎలా ఆరబెట్టాలి, ఆ నేల మళ్లీ అంతే పంట ఇవ్వగలదా అన్న ప్రశ్నలన్నీ ఈ చదువులోకే వస్తాయి.

టేకు తోటనే తీసుకుందాం. రెండు మీటర్ల ఎడంలో నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. చివరి కోత నాటికి తోటలో మిగలవలసినవి వాటిలో పదో వంతుకు మించవు. తక్కినవాటిని మధ్యలో రెండు మూడు దఫాలుగా తీసేయాలి. ఈ మాట చెప్పగానే రైతు ముఖం మాడిపోతుంది, ఎందుకంటే బిడ్డలా పెంచిన చెట్టును సగం వయసులో కొట్టేయమనడం ఎవరికీ రుచించదు. పలచన చేయని తోటలో పదిహేనేళ్లు గడిచినా చెట్లు చేతికర్రల్లా సన్నగా, పొడుగ్గా సాగి, గాలికి ఒకదానిమీద ఒకటి వాలుతుంటాయి. ఏ చెట్టును ఉంచాలో, దేన్ని తీసేయాలో రంగు గీత గీసి గుర్తించడం నేర్పే ఒక్క తరగతి వంద ఉపన్యాసాలతో సమానమని నా నమ్మకం.

'సుస్థిర' అన్న మాట ఇటీవలి ఫ్యాషన్ కాదా?

కాదు, ఈ మాట అడవుల్లోనే పుట్టింది. 1713లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో గనుల అధికారిగా ఉన్న హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్, వెండి గనులకూ కొలుములకూ కలప కరువు వచ్చిన పరిస్థితుల్లో, ఏటా పెరిగినంత మేరకే నరకాలన్న సూత్రాన్ని తన పుస్తకంలో ప్రతిపాదించాడు. సులువుగా చెప్పాలంటే వడ్డీ తినాలే తప్ప అసలు ముట్టకూడదన్నమాట. మన దేశంలో 1864లో మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడైన డీట్రిష్ బ్రాండిస్ కూడా జర్మన్ వృక్షశాస్త్రవేత్తే కావడం వల్ల ఆ లెక్కల పద్ధతి ఇక్కడికి నేరుగా వచ్చింది. డెహ్రాడూన్‌లో 1878లో అటవీ పాఠశాల, 1906లో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడ్డాయి. అంతకంటే ముందే, 1840లలో కేరళలోని నీలంబూరులో టేకు తోటల పెంపకం మొదలైంది. ఆనాటి చెట్లు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

అయితే ఆ పాత లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. అది కలపను మాత్రమే లెక్కపెట్టింది. వలస పాలకులకు కావలసింది రైలు పట్టాల కింద వేసే స్లీపర్లూ ఓడలూ కాబట్టి, అడవిలో ఉండే గోండు, కోయ, చెంచు కుటుంబాల తునికాకు, ఇప్పపువ్వు, తపసి బంక ఆ పద్దుల్లో 'చిల్లర ఉత్పత్తులు'గానే మిగిలాయి. 1988 జాతీయ అటవీ విధానం పర్యావరణ సమతుల్యతకూ స్థానికుల అవసరాలకూ ముందు స్థానం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో ఉండేవారి హక్కులను గుర్తించి మరో అడుగు వేసింది. ఈనాటి విశ్వవిద్యాలయ పాఠ్యక్రమంలో నీరు, నేల, జంతుజాలం, ప్రజల హక్కులు అన్నీ ఆ 'వడ్డీ' లెక్కలోకి వస్తాయి. తపసి చెట్టుకు లోతైన గాట్లు పెట్టి బంక తీస్తే కొన్నేళ్లలో చెట్టు చస్తుంది; చిన్న గాటు పెట్టి, అది మానేవరకూ ఆగి, తరువాతి గాటు పెడితే అదే చెట్టు ఏళ్ల తరబడి బంక ఇస్తుంది. సుస్థిరత అంటే ఏమిటని విద్యార్థులు అడిగినప్పుడు నేను నిర్వచనం బదులు ఈ రెండు గాట్లూ చూపిస్తాను.

తెలుగు విద్యార్థులు ఈ డిగ్రీ ఎక్కడ చదవవచ్చు?

తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న అటవీ కళాశాల, పరిశోధన సంస్థలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ ఉంది. ఈ కళాశాల 2016లో హైదరాబాద్ శివారు దూలపల్లిలో మొదలై, 2019 డిసెంబరులో ములుగు ప్రాంగణానికి మారింది. ఇక్కడ ఒక హెచ్చరిక: ఇది రాజీవ్ రహదారి పక్కనున్న ములుగు, మేడారం జాతర జరిగే ములుగు జిల్లా కాదు. కౌన్సెలింగ్ పత్రం చేతిలో పట్టుకుని వరంగల్ వైపు బస్సెక్కిన విద్యార్థి నుంచి నాకు ఒకసారి ఫోన్ వచ్చింది.

పొరుగు రాష్ట్రాల్లో తమిళనాడులోని మేట్టుపాళయం, కేరళలోని వెల్లానిక్కర, కర్ణాటకలోని సిర్సీ, పొన్నంపేట కళాశాలలకు మంచి పేరుంది. ఉత్తరాన హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ సమీపంలో 1985లో ఏర్పడిన పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో అటవీ శాస్త్రం డిగ్రీ చదువుగా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోకి వచ్చినది కూడా 1985 ప్రాంతంలోనే. అంతకుముందు ఇది ఉద్యోగంలో చేరిన అధికారులకు ఇచ్చే శిక్షణగానే ఉండేది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కొన్ని సీట్లు జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ఇతర రాష్ట్రాల వారికి దక్కుతాయి కాబట్టి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఆ దారిని కూడా చూసుకోవాలి.

బైపీసీ వాళ్లకే ఈ చదువు అన్నది అపోహ. జాతీయ స్థాయి ప్రవేశాల్లో ఎంపీసీ వాళ్లకూ అర్హత ఉంటుంది, పైగా ఈ చదువులో గణితం తక్కువేమీ కాదు.

గణితం ఎక్కడ వస్తుంది?

మొదటి రోజు టేపు పట్టుకున్నప్పుడే వస్తుంది. చెట్టు చుట్టుకొలతను మన దేశంలో నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే ఛాతీ ఎత్తులో కొలుస్తారు. వాలు నేల మీద చెట్టుకు ఎగువ వైపు నిలబడి కొలవాలి. దిగువ వైపు నిలబడి కొలిచిన విద్యార్థికి మొదలు దగ్గరి లావు భాగం తగిలి, అంకె తప్పుగా వస్తుంది.

అసలు తమాషా టింబర్ డిపోలో ఉంది. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణించడం అక్కడి వాడుక. 120 సెంటీమీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవున్న దుంగకు ఈ పద్ధతిలో 0.27 ఘనమీటర్లు, అంటే సుమారు తొమ్మిదిన్నర ఘనపుటడుగులు వస్తాయి. అదే దుంగను నిజమైన స్తూపాకారంగా లెక్కిస్తే దాదాపు 0.344 ఘనమీటర్లు, అంటే పన్నెండు ఘనపుటడుగులకు పైమాటే. డిపో లెక్క అసలు పరిమాణంలో 78.5 శాతమే చూపుతుందన్నమాట. గుండ్రని దుంగను పలకలుగా కోసేటప్పుడు చెక్కపేళ్లకూ రంపపు పొట్టుకూ పోయే భాగాన్ని ముందే మినహాయించే పాత ఏర్పాటు ఇది, మోసమేమీ కాదు. కానీ తన పొలంలోని టేకు అమ్మే రైతుకు ఈ సంగతి తెలిసి ఉండాలి, ఎందుకంటే ధర ఏ పద్ధతి కొలతకు చెబుతున్నారో అడగకుండా బేరమాడితే నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు.

దీని తరువాత గణాంకశాస్త్రం, నమూనా సర్వే, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ వస్తాయి. 1981లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వెలువరించిన 2023 నివేదిక, దేశ విస్తీర్ణంలో అడవి, చెట్ల కప్పు కలిపి 25.17 శాతమని చెప్పింది. ఆ ఒక్క అంకె వెనుక ఉపగ్రహ చిత్రాలూ నేలమీద వేసిన వేలాది నమూనా స్థలాలూ ఉంటాయి. అంతేకాదు, ఆ 'కప్పు'లో మామిడి తోటా జామాయిల్ తోటా కూడా కలిసి ఉంటాయి కనుక దాన్ని యథాతథంగా 'అడవి' అని చదవకూడదని విద్యార్థి అక్కడే నేర్చుకుంటాడు.

కలప సాంకేతికత అంటే వడ్రంగమా?

వడ్రంగానికి కారణాలు చెప్పే శాస్త్రం. కర్ర నీటితో ఎలా మసలుకుంటుందన్నదే ఇందులో సగం.

మా ప్రయోగశాలలో అందరూ చేసే మొదటి ప్రయోగం ఇది. కోత మిల్లు నుంచి తెచ్చిన పచ్చి టేకు ముక్కను తూస్తే 54 గ్రాములు ఉందనుకుందాం. దాన్ని 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకూ ఆరబెట్టి మళ్లీ తూస్తే 40 గ్రాములు. పోయిన నీరు 14 గ్రాములు. తేమ ఎంత శాతం? తరగతిలో సగం మంది 14ను 54తో భాగించి 26 అంటారు. కలప శాస్త్రంలో ఎండిన బరువుతోనే భాగించాలి కాబట్టి సరైన జవాబు 35. అందువల్లే బూరుగ లాంటి తేలిక కర్రలో తేమ వంద శాతం దాటుతుందంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక్కడి నుంచే తలుపుల కథ మొదలవుతుంది. పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది: కణాల లోపలి ఖాళీల్లో, కణాల గోడల్లో. ఖాళీల్లోని నీరు పోయినంతకాలం కర్ర బరువు తగ్గుతుందే గాని కొలత మారదు. తేమ దాదాపు 28-30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడే కర్ర కుంచించుకుపోతుంది. ఆ కుంచింపు కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవు వైపు దాదాపు ఉండనే ఉండదు, వలయాల వెంబడి మాత్రం, నడిమి నుంచి బెరడు వైపు ఉన్నదానికి ఇంచుమించు రెండింతలు ఉంటుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ కుంచించుకోవడం వల్లే పలక వంకర తిరుగుతుంది, దుంగ చివర నక్షత్రంలా పగుళ్లు విచ్చుతాయి. విశాఖ ఉక్కపోతలో బిగించిన తలుపు అనంతపురం ఎండకు సందులు ఇస్తుంది. అనంతపురంలో చేసినది విశాఖలో వానాకాలం రాగానే బిగుసుకుపోయి తెరుచుకోదు. గాలిలోని తేమకు తగినట్టు కర్ర తన తేమను సర్దుకుంటూనే ఉంటుంది కాబట్టి, ఏ ఊళ్లో వాడతారో ఆ ఊరి గాలికి తగిన తేమ వరకూ కొలిమి గదిలో ఆరబెట్టి పంపడమే 'సీజనింగ్'.

పాతకాలపు వడ్రంగులు దూలాన్ని రెండేళ్లు నీడన పడేసి, నోటితో ఈ సిద్ధాంతాలు చెప్పకుండానే ఇదంతా చేశారు. 'చేవ' అన్న మాటే చూడండి. చెట్టు నడిమి ముదురు భాగాన్ని చేవ అని, బయటి లేత భాగాన్ని తెల్లకర్ర అని మనవాళ్లు విడదీసి, తెల్లకర్రను తలుపులకు వాడనిచ్చేవారు కాదు. చేవలో చెట్టు నిల్వచేసుకునే రసాయనాలు, టేకులోనైతే టెక్టోక్వినోన్ లాంటివి, చెదలకూ బూజుకూ విషమవుతాయని ఇప్పుడు ప్రయోగశాల చెబుతోంది. మనిషిని 'చేవ ఉన్నవాడు' అనే భాషకు కలప శాస్త్రం కొత్తది కాదు.

చెదలు పట్టకుండా కర్రను కాపాడటంలో తెలుగువారి పాత్ర ఏమైనా ఉందా?

చాలా పెద్దదే ఉంది, మనవాళ్లకే అంతగా తెలియదు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. ఒత్తిడితో కర్రలోకి ఎక్కించాక ఈ లవణాలు నీటికి కొట్టుకుపోకుండా కణాల గోడలను అంటిపెట్టుకుని ఉండటం దాని గొప్పతనం. అంతకుముందు వాడిన లవణాలు వానలకు కరిగిపోయేవి. 'ఆస్కు' పేరుతోనూ, తరువాత 'సీసీఏ' అన్న పొడి అక్షరాలతోనూ ఇది ప్రపంచమంతటా విద్యుత్, టెలిఫోన్ స్తంభాలను దశాబ్దాలపాటు నిలబెట్టింది.

ఆర్సెనిక్ వల్ల వచ్చే ప్రమాదం కారణంగా అమెరికాలో 2003 ముగిసేనాటికి ఇళ్ల పనుల్లో దీని వాడకాన్ని ఆపేశారు. ఇప్పుడు పరిశోధన ఆర్సెనిక్ లేని రాగి మిశ్రమాలు, బోరాన్ లవణాలు, కర్రను అధిక ఉష్ణోగ్రతలో వేడిచేసి మార్చడం వంటి దారుల్లో సాగుతోంది. కామేశం కథను రెండు సగాలూ కలిపి చెప్పినప్పుడే విద్యార్థికి శాస్త్రం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

ప్లైవుడ్ కూడా ఈ చదువులో భాగమేనా?

అవును. దుంగను పెన్సిల్ చెక్కినట్టు తిప్పుతూ పలుచని పొర తీసి, పొరలను ఒకదానికొకటి అడ్డంగా పేర్చి జిగురుతో ఒత్తడం వల్ల, పైన చెప్పిన కుంచింపు ఒక పొరకు ఇంకో పొర కళ్లెం వేసినట్టు అదుపులో ఉంటుంది. మెరైన్ ప్లై అనే రకం ప్లైవుడ్‌లోని జిగురును పరీక్షించడానికి ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచుతారు. దుకాణంలో వేసిన ముద్రను చూసి కొనేవాళ్లకు ఈ అంకె గుర్తుంటే మేలు.

కలప సాంకేతికతలో పీజీ ఎక్కడ ఉంది?

1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందిన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఫారెస్ట్రీ, ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్, వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, సెల్యులోజ్ అండ్ పేపర్ టెక్నాలజీ ఎమ్మెస్సీలు ఉన్నాయి. వుడ్ సైన్స్‌కు ఫారెస్ట్రీ డిగ్రీ వారితోపాటు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో బీఎస్సీ చేసినవారు కూడా అర్హులు. డిగ్రీ కళాశాలల్లో ఎంపీసీ చదివి బీఈడీ తప్ప దారి లేదనుకునే పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెప్పడానికే ఈ ప్రశ్న పెట్టాను. ఆ సంస్థలోని కలప నమూనాల భాండాగారంలో 18 వేలకు పైగా ముక్కలు ఉన్నాయి.

బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ 1938లో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1988లో ప్రస్తుత రూపానికి వచ్చింది. శ్రీగంధం పరిశోధనకూ, పట్టుబడిన కలప ఏ జాతిదో నిర్ధారించడానికీ దక్షిణాదిలో ముందుగా గుర్తొచ్చేది అదే. అటవీ వనరుల నిర్వహణ వైపు వెళ్లాలనుకునేవారికి 1982లో ఏర్పడిన భోపాల్ అటవీ నిర్వహణ సంస్థ ఉంది.

మన ప్రాంతానికి సంబంధించిన పరిశోధన ఏమి జరుగుతోంది?

చెప్పాలంటే చాలా ఉంది, మూడింటి దగ్గర ఆగుతాను.

మొదటిది జామాయిల్. భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితపు మిల్లు 1989లో క్లోన్ల మీద పరిశోధన మొదలుపెట్టింది. విత్తనంతో పెంచిన తోటలో పక్కపక్క చెట్లే ఒకటి లావుగా, ఒకటి పీలగా ఉండటం చూసి, మేలైన చెట్లను ఎంచి, నరికిన మొద్దుపై వచ్చిన పిలకల నుంచి చిన్న ముక్కలు కత్తిరించి, వేర్లు పట్టించే హార్మోను అద్ది, పొగమంచులా నీరు చిమ్మే గదిలో ఉంచి, వేర్లు రాగానే నీడకు, అక్కడి నుంచి ఎండకు అలవాటు చేసి రైతుకిచ్చే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు ఖమ్మం, కృష్ణా రైతులు వరి వంగడాల పేర్లు చెప్పినట్టు 'ఏడు', '413' అని క్లోన్ల నంబర్లు చెబుతారు. నాలుగేళ్లకు కోత, తరువాత మొద్దు పిలకల మీద ఇంకో పంట.

దీని చీకటి కోణాన్ని కూడా పాఠంలో చెప్పాలి. ఒక క్లోన్ తోట అంటే అన్నీ ఒకే చెట్టు నకళ్లు. ఆకుల ఈనెల మీద, కాడల మీద బుడిపెలు కట్టించే లెప్టోసైబ్ అనే చిన్న కందిరీగ దక్షిణ భారతంలోకి వచ్చినప్పుడు, దానికి లొంగే క్లోన్లు వేసిన తోటలు వరుసగా ఎదుగుదల ఆగి నిలబడిపోయాయి. కాబట్టి ఒకే మండలంలో ఎన్ని రకాల క్లోన్లు ఉండాలన్నది దిగుబడి ఎంత ముఖ్యమో అంత ముఖ్యమైన పరిశోధనాంశం.

రెండోది ఎర్రచందనం. కడప, తిరుపతి, నెల్లూరు ప్రాంతాల కొండల్లో, ముఖ్యంగా శేషాచలంలో సహజంగా పెరిగే ఈ చెట్టు చేవ నీటిలో మునిగేంత బరువు. 1995 నుంచి ఇది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. కర్రలో పొరలు అలలు అలలుగా తిరిగి ఉండే చెట్లకే విదేశీ మార్కెట్లో విపరీతమైన ధర. ఆ అలలు వంశపారంపర్యమా, నేల ప్రభావమా, చెట్టు నిలబడి ఉండగానే వాటిని కనిపెట్టగలమా అన్నవి పరిశోధకులను వెంటాడే ప్రశ్నలు. రైతు తోటలో పెరిగిన దుంగను, అడవిలో దొంగతనంగా కొట్టిన దుంగను వేరుగా గుర్తించగలిగే పద్ధతి ఎంత పకడ్బందీగా ఉంటే నిజాయితీగా పెంచే రైతుకు అంత మేలు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నిధులు మాత్రం అన్నిటికంటే తక్కువ వచ్చేది: పొణికి. కొండపల్లి బొమ్మకూ నిర్మల్ బొమ్మకూ కావలసింది ఈ తేలికైన తెల్లని కర్రే. ఒక ముక్కను అరచేతిలో పెట్టుకుంటే కర్ర పట్టుకున్నట్టే ఉండదు, ఉలి తగలగానే వెన్నలా చెక్కుకుంటుంది. గింజ పెంకు గట్టిదై మొలక సరిగా రాకపోవడం వల్ల నారు పెంచడం కష్టం, కొట్టినంత వేగంగా అడవిలో కొత్త మొక్కలు లేవవు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్రదీ ఇంచుమించు ఇదే బాధ. రెండు చేతివృత్తుల భవిష్యత్తు ఒక గింజను మొలిపించే పని మీద ఆధారపడి ఉండగా, ఎమ్మెస్సీ విద్యార్థులు మళ్లీ మళ్లీ జామాయిల్ మీదే థీసిస్ రాయడం నాకు మింగుడుపడదు.

శ్రీగంధం వేస్తే ఎకరానికి కోట్లు వస్తాయన్న ప్రకటనలను నమ్మవచ్చా?

నమ్మకండి. శ్రీగంధం సగం పరాన్నజీవి. దాని వేర్లు పక్కనున్న కంది, సరుగుడు వంటి మొక్కల వేర్లను పట్టుకుని ఆహారం లాగుతాయి. తోడు మొక్క లేకుండా విడిగా నాటితే నీరసించిపోతుంది. నూనె ఉండేది చేవలోనే, చేవ పట్టడానికి కనీసం పదిహేనేళ్లు ఆగాలి, అందరి చెట్లకూ సమానంగా పట్టదు. చేవ పట్టిన రోజు నుంచి దొంగల భయం మొదలవుతుంది. ప్రకటనల్లో చెట్ల సంఖ్యను కిలో ధరతో హెచ్చిస్తారు తప్ప కాపలా ఖర్చును ఎవరూ తీసేయరు.

చెట్లు నరకడం నేర్పే చదువు పర్యావరణానికి వ్యతిరేకం కాదా?

ఈ ప్రశ్నను అడిగేవారి మనసు మంచిదే, కాబట్టి కొంచెం నిదానంగా జవాబు చెబుతాను. సహజ అడవిని కొట్టడం వేరు, పొలంలో వేసిన తోటను కొట్టి మళ్లీ వేయడం వేరు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత అడవుల్లో కోతకు గట్టి పగ్గాలు పడ్డాయి. 1988 విధానం ముందే మిల్లులను తమకు కావలసిన కలప రైతుల దగ్గర సమకూర్చుకోమంది. అందుకే ఈనాడు మన పరిశ్రమలకు వచ్చే కలపలో అధిక భాగం పొలం గట్ల మీద, తోటల్లో పెరిగినదే. ఆంధ్రప్రదేశ్‌లో జామాయిల్, సరుగుడు, సుబాబుల్‌కు రవాణా అనుమతుల బెడద లేకపోవడం కూడా ఈ తోటలు పెరగడానికి ఒక కారణం.

ఎండిన కర్రలో ఇంచుమించు సగం కార్బన్. ఘనమీటరు కర్ర 600 కిలోలు తూగితే అందులో 300 కిలోల కార్బన్, అంటే గాలి నుంచి తీసుకున్న సుమారు 1,100 కిలోల బొగ్గుపులుసు వాయువు దాగి ఉంటుంది. ఆ కర్ర నలభై ఏళ్లు తలుపుగా నిలిస్తే అంతకాలం అది అక్కడే ఉంటుంది. నాలుగేళ్లకు కాగితమై, ఆ కాగితం కాలిపోతే వెంటనే గాలిలో కలుస్తుంది. కాబట్టి కలపను దేనికి వాడుతున్నాం, ఎంతకాలం నిలుస్తుంది అన్నది నాటిన మొక్కల సంఖ్య కంటే ముఖ్యమైన ప్రశ్న. కర్రను నిలబెట్టే సీజనింగ్, రక్షణ పద్ధతులు తెలియని వాతావరణ చర్చ నాకు అర్ధాకలి భోజనంలా అనిపిస్తుంది. వందేళ్ల ఇప్పచెట్టును రోడ్డు కోసం కొట్టి, బదులుగా పది మొక్కలు నాటామని చెప్పుకోవడాన్ని ఈ చదువు ఏ విధంగానూ సమర్థించదు.

ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి, కానీ ఇంజినీరింగ్ లాగా ప్రాంగణ నియామకాల హడావుడి ఉండదు. భారత అటవీ సేవ పరీక్షకు ప్రాథమిక దశ సివిల్స్‌తో కలిపి జరుగుతుంది. ఫారెస్ట్రీ డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు, వృక్ష, జంతు, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలవారు, వ్యవసాయ, ఇంజినీరింగ్ పట్టభద్రులు కూడా రాయవచ్చు. ఎంపికైన పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు నడవాలి. రాష్ట్ర స్థాయిలో రేంజ్ అధికారి వంటి పోస్టులు ఉన్నాయి.

అందరూ ఈ ఖాకీ ఉద్యోగాల కోసమే ఏళ్లకు ఏళ్లు కోచింగ్‌లో కూర్చోవడం నాకు బాధ కలిగిస్తుంది. కాగితపు మిల్లుల తోటల విభాగాలు, నర్సరీలు, ప్లైవుడ్, ఫర్నిచర్ పరిశ్రమలు, ఉపగ్రహ చిత్రాల సంస్థలు, కార్బన్ లెక్కలు చూసే సంస్థలు కొలవడం తెలిసినవారిని వెతుక్కుంటున్నాయి. ఈ పనులకు వెళ్లేవారిలో కర్ర గురించి తెలిసినవారు మరీ తక్కువ.

అమ్మాయిలకు ఈ చదువు అనుకూలమా?

అనుకూలమే. ఫీల్డ్ క్యాంపుల్లో వసతి, మరుగుదొడ్లు ఎలా ఉంటాయో ప్రవేశానికి ముందే కళాశాలను గట్టిగా అడగండి. అది మీ హక్కు.

విదేశాల్లో పై చదువులకు ఏ దారులు ఉన్నాయి?

జర్మనీలో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన థారాంట్ ప్రాంగణం, 1811లో మొదలైన పాత అటవీ పాఠశాల, ఉష్ణమండల అటవీ శాస్త్రంలో ఇంగ్లిషు మాధ్యమంలో మాస్టర్స్ అందిస్తుంది. ఫిన్లాండ్‌లోని యోయెన్సూ, స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, వియన్నాలోని బోకు, కెనడాలో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం కూడా ఈ రంగంలో పేరున్నవి. అక్కడ పైన్, స్ప్రూస్ వంటి చెట్ల మీద నేర్చుకున్న యంత్ర విద్య మన గట్టి కర్రలకు యథాతథంగా సరిపోదని ముందే తెలుసుకుని వెళ్లాలి. రంపపు పన్ను కోణం దగ్గర నుంచి ఆరబెట్టే వేగం వరకూ అన్నీ మారతాయి.

చెట్టు పెరగడానికి ముప్పై ఏళ్లు పడితే, పీహెచ్‌డీ నాలుగేళ్లలో ఎలా పూర్తవుతుంది?

ఇతరులు ఎప్పుడో వేసి ఉంచిన తోటలోకి వెళ్లి కొలవడం ద్వారా పూర్తవుతుంది. శాశ్వత నమూనా స్థలాలు అంటే ఇవే: ఒక తరం నాటి, నంబర్లు వేసి, రిజిస్టరులో రాసి పెడుతుంది, తరువాతి తరం అదే చెట్టును అదే ఎత్తులో కొలుస్తుంది. ఇంకో దారి చెట్టులోనే ఉంది. ఉష్ణమండలంలో చాలా జాతులకు వలయాలు స్పష్టంగా కనిపించవు గాని, టేకుకు కనిపిస్తాయి. సన్నని గొట్టంలాంటి బరమాతో చెట్టును నరకకుండానే పెన్సిలంత కర్ర తీసి, వలయాలు లెక్కపెట్టి, కరువు సంవత్సరాల్లో అవి ఎలా సన్నబడ్డాయో చదవవచ్చు. పుణెలోని వాతావరణ శాస్త్రవేత్తలు పాత రుతుపవనాల జాడ తెలుసుకోవడానికి టేకు వలయాలను వాడారు. రిజిస్టరు పోగొట్టుకున్న ఒక తోటలో నా విద్యార్థి ఒకరు ఆరు నెలలు వృథా చేసుకోవలసి వచ్చింది. చెట్లన్నీ పదిలంగా ఉన్నాయి, ఏ సంవత్సరం నాటారో చెప్పే ఒక్క కాగితం లేదు. చివరికి వలయాలే గట్టెక్కించాయి.

ఇంటర్ చదువుతున్న విద్యార్థి ఇప్పటి నుంచే ఏం చేయవచ్చు?

మీ ఊరికి దగ్గరలోని కోత మిల్లుకు ఒక ఆదివారం కాకుండా పనిరోజున వెళ్లండి. దర్జీ టేపు, పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, ఒక నోటుపుస్తకం చాలు. మిల్లు యజమానిని అడిగి, టేకు, వేప, తుమ్మ, మద్ది దుంగల చివరలను పదునైన బ్లేడుతో ఒక అంగుళం మేర నున్నగా కోసి, తడిచేసి భూతద్దంలో చూడండి. టేకులో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుస కనిపిస్తుంది. తక్కినవాటిలో రంధ్రాలు చెల్లాచెదురుగా ఉంటాయి. చూసింది బొమ్మ గీసుకోండి. తరువాత ఒక దుంగ చుట్టుకొలత, పొడవు కొలిచి, పైన చెప్పిన రెండు పద్ధతుల్లోనూ లెక్కవేసి, మిల్లువాళ్లు సుద్దతో దానిమీద రాసిన అంకె దేనికి సరిపోయిందో చూడండి.